సీట్లకు కొబ్బరినూనె రాయొచ్చా?

ప్రశ్న: మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మా కారుకి లెదర్ సీట్లున్నాయి. వానాకాలంలో తెల్లగా బూజు పడుతోంది, డ్రైవర్ సీటు అంచు పగుళ్లిస్తోంది. కొబ్బరినూనె రాస్తే మెత్తబడుతుందంటున్నారు, రాయమంటారా?

జవాబు: వద్దండీ, దయచేసి రాయకండి. నూనె జిడ్డుగా పైనే ఉండిపోయి దుమ్ము పట్టేస్తుంది, బట్టలకి మరకలు అదనం. ముందు అది అసలు తోలా, రెగ్జినా తేల్చుకోండి. చాలా కార్లలో మనం కూర్చునే భాగమే తోలు, పక్కలు, వెనకవైపు సింథటిక్. సీటు అడుగున కుట్టు దగ్గర అంచు తిప్పి చూడండి, నూగులాంటి పీచు కనిపిస్తే తోలు, గుడ్డ కనిపిస్తే సింథటిక్. తోలుకైతే లెదర్ క్లీనర్‌తో తుడిచాక లెదర్ కండిషనర్ (తోలుని మెత్తగా ఉంచే క్రీము) పల్చగా రాయండి. సింథటిక్‌కి కండిషనర్ దండగ, లోపలికి ఇంకదు, తడిగుడ్డ, కొంచెం తేలికపాటి సబ్బునీళ్లు చాలు. పొరలుగా ఊడుతోందంటే అది పీయూ (గుడ్డ మీద పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత వేసిన సింథటిక్) రకం అయ్యుండొచ్చు, మన సముద్రపు తేమకి ఆ పూత క్రమంగా దెబ్బతింటుంది, దాన్ని ఏ క్రీమూ అతికించలేదు, కవర్ మార్పించాల్సిందే.

బూజుని మాస్కు పెట్టుకుని, కారు తలుపులన్నీ తీసి తుడవండి, బాగా ఆరనివ్వండి, మ్యాట్ల కింద తడి ఉందేమో కూడా చూడండి. ఆర్కే బీచ్‌కి వెళ్లొస్తే ఇసుకని ముందు వ్యాక్యూమ్‌తో లాగేయాలి, ఇసుక మీదే గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. సీట్లకి గాలాడేందుకు పెట్టిన సన్న చిల్లులుంటే క్లీనర్ స్ప్రే నేరుగా కొట్టకండి, గుడ్డ మీద కొట్టి తుడవండి. ఎండలో ఆపినప్పుడు అద్దానికి సన్‌షేడ్ తప్పనిసరి.