బాప్తిస్మం అయింది, గొలుసు తాకట్టులోనే ఉంది

పలాస నుంచి ఒక చెల్లెమ్మ రాశారు. ఏళ్ల తరబడి తాగిన భర్త పోయినేడు బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పట్నుంచి చుక్క ముట్టలేదు. ఆదివారం ఆయన సాక్ష్యం చెప్తుంటే అందరూ కళ్లు తుడుచుకుంటారట. కానీ తాగే రోజుల్లో తాకట్టు పెట్టిన రెండు తులాల గొలుసు, ఆవిడ అన్న దగ్గర తెచ్చిన 40 వేలు... ఆ ఊసెత్తితే మాత్రం, "దేవుడే క్షమించేసినాడు, మధ్యలో నీదేటి?" అంటాడట. గొలుసు వడ్డీ ఆవిడే కడుతున్నారు, జీడిపిక్కల పనికెళ్లి. సంఘంలో కొందరు నీకే విశ్వాసం తక్కువన్నారు. "క్షమించలేకపోతున్నాను, నాకు రక్షణ లేనట్టేనా?" అన్నది ప్రశ్న.

అమ్మా, ముందు ఆ భయం వదిలేయండి. జీడి రసానికి నల్లబడ్డ వేళ్లతో వడ్డీ డబ్బులు లెక్కపెట్టే మనిషి, అసలు సంగతి అడిగితే అది పగ కాదు. పగ తీర్చుకోవాలన్న కోరిక వదులుకోవడం క్షమాపణ. లెక్క చెరిపేయడం వేరే సంగతి.

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య ఉన్నాడు కదా, పన్ను వసూలుదారుడు. మేడిచెట్టు ఎక్కినవాణ్ణి యేసే ముందు పిలిచాడు, వాళ్లింటికి వెళ్లాడు. జక్కయ్య లేచి, ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలిస్తాను అన్నాడు. ఆ ఇంటికి ఈరోజు రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట తర్వాతే. డబ్బిచ్చి రక్షణ కొనుక్కున్నాడని కాదు. మనసు మారినవాడి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. కృప చేతనే రక్షణ, క్రియల వల్ల కాదని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8, 9 వచనాల్లో ఉంది. మీ ఆయన అక్కడ ఆగిపోయినట్టున్నారు. మంచి పనులు చేయడానికే మనల్ని సృష్టించాడని 10వ వచనం.

అలాగని ఆయన మార్పు నాటకం అనుకోకండి. ఏడాదిపాటు తాగకుండా ఉండటం చిన్న విషయం కాదు, ఆ మాట ఆయనతో ఒకసారి అనండి. తాగుడు మానినంత త్వరగా మాటతీరు మారదు, అది నిదానంగా వస్తుంది.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే మాత్రం ఈ గొడవ పెట్టకండి. మామూలు రోజున, అన్నాలయ్యాక, ఒక నోట్‌బుక్ తీయండి. రోజూ మందుకి ఎంత పోయేదో మీకు నోటికొచ్చు. ఇప్పుడు ఆ డబ్బు మిగలాలి కదా, ఎటు పోతోందో అడగండి. నెలకి 2 వేలైనా పక్కన పెట్టమనండి. ఆయన వినకపోతే పాస్టరుగారిని ఇంటికి పిలిచి మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు ఆయన ఎదుటే చదివించండి: సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉంటే కానుక బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమని.

ఉత్తరం చివర ఒక్క లైను రాశారు, పూర్వం కొట్టేవాడని. మళ్లీ చెయ్యెత్తితే ఓర్చుకోవడం భక్తి అని ఎవరు చెప్పినా వినకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పుట్టింటికి వెళ్లండి.

గొలుసు కంటే ముందు మీ అన్న బాకీ చూడండి. ఆయనకి ఫోన్ మాత్రం మీ ఆయనే చెయ్యాలి, మీరు కాదు.