పక్క సైట్ దుమ్ము: మీటర్‌లో కనపడదు, ఇంట్లో మాత్రం పేరుకుంటుంది

బెంగళూరు మారతహళ్లిలో మీ ఇంటి పక్కనే పెద్ద అపార్ట్‌మెంట్ కడుతున్నారు, పాపకు దగ్గు తగ్గడం లేదు, గాలి నాణ్యత మీటర్‌లో చూస్తే పీఎం 2.5 (బాగా సన్నటి కణాల లెక్క) నలభై దాటడం లేదు. ఇంకా మంచి మీటర్ కొనాలా, ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి అని అడిగారు. మేముండేది పణత్తూరు వైపు. మా ప్రహరీ అవతల బేస్‌మెంట్ తవ్వినప్పుడు అసోసియేషన్ తరఫున ఈ వ్యవహారమంతా నేనే చూశాను.

మీటర్ మార్చక్కర్లేదండీ, చూసే అంకె మార్చండి. మట్టి, కంకర, ఎం-శాండ్ (రాయి పిండిచేసిన ఇసుక) నుంచి లేచే దుమ్ములో ఎక్కువ భాగం ముతకది. అది పీఎం 10 (10 మైక్రాన్ల లోపు కణాల లెక్క) కిందికి వస్తుంది. పీఎం 2.5లో ప్రధానంగా పట్టుబడేది వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ లాంటివి. మనం కొనే చవక లేజర్ మీటర్లు పీఎం 10ని కూడా తక్కువే చూపిస్తాయి, బరువైన కణాలను ఆ చిన్న ఫ్యాన్ సరిగ్గా లోపలికి లాగలేదు. తేమ ఎక్కువున్న తెల్లవారుజామున పీఎం 2.5ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. అందుకే అంకె ఎంత అన్నదానికన్నా ఎప్పుడు పెరిగింది, ఆ టైమ్‌లో అక్కడ ఏ పని జరుగుతోంది అన్నది రాసిపెట్టుకోండి. కాడుబీసనహళ్లిలో ప్రభుత్వ స్టేషన్ ఉంది, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో కనపడుతుంది. అక్కడ మామూలుగా ఉండి మీ దగ్గర మాత్రమే ఎగిరితే అది పక్క సైట్ పనే అయ్యుండొచ్చు.

ఇంకోమాట. 24 గంటల సగటుకు మన దేశ ప్రమాణం ఘనపు మీటరు గాలికి పీఎం 10 అయితే 100, పీఎం 2.5 అయితే 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దులు 45, 15. కాబట్టి ఆ నలభై చూసి పాపకు ఫర్వాలేదనుకోవద్దు.

సైట్ మాకు తూర్పున ఉంది. చలికాలంలో బెంగళూరులో గాలి ఎక్కువగా అటునుంచే వీస్తుంది, తవ్వకం కూడా అప్పుడే మొదలైంది. జేసీబీ ఆడేటప్పుడు దుమ్ము ఎక్కువని అందరం అనుకున్నాం. టైమ్‌లు రాసి చూస్తే రీడింగ్ బాగా ఎగిరేది పొద్దున స్కూల్ బస్సులు తిరిగేటప్పుడు! రాత్రి మట్టి మోసే టిప్పర్ల టైర్లకు అంటుకున్న తడిమట్టి గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా రాలి, తెల్లారేసరికి ఆరిపోయేది. తర్వాత వెళ్లే ప్రతి బండీ దాన్ని పిండి చేసి మా కిటికీల్లోకి లేపేది. గ్రీన్ నెట్ ఎంత ఎత్తు కట్టినా దీనికి పనికిరాదు.

సైట్ మేస్త్రీది అనంతపురం వైపు. తెలుగులో మాట్లాడేసరికి ఉన్నమాట చెప్పాడు: "చల్లడానికి నీళ్లేవన్నా? ట్యాంకర్ నీళ్లు పనికే చాలడం లేదు." 2024 ఎండాకాలంలో ఇక్కడి జలమండలి నిర్మాణాలకు తాగునీరు వాడొద్దని నిషేధం పెట్టిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంట్) శుద్ధి చేసిన నీళ్లు మిగిలి డ్రైనేజీలోకి పోతున్నాయి. క్లోరిన్ వేసి, వాసన లేకుండా చూసి, పైపు అటు వేశాం. బదులుగా మేం అడిగినవి: జేసీబీ బకెట్ దించేముందే మట్టి తడపాలి, లేచాక చల్లితే లాభం లేదు. టిప్పర్ గేటు దాటేముందు టైర్లు కడగాలి. రోడ్డు మీద పడిన మట్టిని తడిగా ఉండగానే పారతో ఎత్తెయ్యాలి, ఆరాక చీపురు పట్టకూడదు. పూర్తిగా పోలేదు గానీ, పొద్దుటి రీడింగ్‌లో తేడా స్పష్టంగా కనిపించింది.

గ్రానైట్, కాంక్రీట్ కోసే దశ వస్తే ఇంకా గట్టిగా ఉండండి. ఆ పొడిలో ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఉంటుంది. మనకన్నా ముందు అది పోయేది కూలీల ఊపిరితిత్తుల్లోకి. ముఖానికి కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు. నీళ్లు పోస్తూ కొయ్యాలి, ఎన్95 స్థాయి మాస్కులు ఇవ్వాలి. ఈ రెండూ వాళ్ల కోసం మనం అడగాల్సినవే.

కంప్లైంట్ విషయానికొస్తే, తవ్వకానికి ముందే దుమ్ము అదుపు ఏర్పాట్లు, మట్టి ఇసుక కప్పి ఉంచడం, నీళ్లు చల్లడం 2018లో కేంద్ర పర్యావరణ శాఖ తెచ్చిన నిబంధనల్లో ఉన్నాయి. నిర్మాణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన అయితే పర్యావరణ అనుమతి తప్పనిసరి. కేంద్రం పర్యావరణ అనుమతుల కోసం నడిపే పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్ట్ పేరుతో వెతికి ఆ అనుమతి పత్రం తీసుకోండి. అందులో దుమ్ము గురించి షరతులు ఉంటాయి, వాటిని పాటిస్తున్నామని బిల్డర్ ఆరు నెలలకోసారి రిపోర్ట్ ఇవ్వాలి. ఏ షరతు తప్పుతున్నారో చెప్పి, మీ టైమ్‌ల పట్టిక, వీడియోలు జతచేసి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసుకు రాయండి. "దుమ్ము ఎక్కువగా ఉంది" అని మాత్రమే రాస్తే పక్కన పడేయడం తేలిక.

ఈలోగా ఆ టైమ్‌ల్లో అటువైపు కిటికీలు మూసేయండి, ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పాపను డాక్టర్‌కు చూపించేటప్పుడు ఆ పట్టిక కూడా తీసుకెళ్లండి, దగ్గు ఏ పూట పెరుగుతోందో పోల్చి చూడడానికి పనికొస్తుంది. సైట్ మీకు ఏ దిక్కున ఉంది, ఇప్పుడు ఏ పని నడుస్తోంది అన్నది కింద రాయండి, ఏ టైమ్‌లో గమనించాలో చెబుతాను.