కారిన మోటార్‌హోమ్: బయానా ఇచ్చే ముందు

ప్రశ్న: మాది అనంతపురం. నేను రిటైరైన టీచర్‌ని. మా అమ్మకు నడుం నొప్పి, బస్సులో గంటసేపు కూడా కూర్చోలేదు. పడుకోబెట్టి తిరుమల, అహోబిలం తీసుకెళ్లొచ్చని సెకండ్‌హ్యాండ్ మోటార్‌హోమ్ (లోపల మంచం, పడుకునే ఏర్పాటు ఉన్న బండి) కోసం చూస్తున్నాను. బెంగళూరులో ఒకాయన టెంపో ట్రావెలర్ మీద కట్టించుకుని వాడుకున్న బండిని 13 లక్షలకు ఇస్తానంటున్నారు. మంచం పైన కప్పు మూలలో గోధుమరంగు మరక కనిపించింది. అడిగితే ‘ఒకసారి వానకు కారింది, సిలికాన్ పెట్టించాను, ఇంకెక్కడా ఏమీ లేదు’ అన్నారు. గోడలకు మాత్రం కొత్త షీటు అంటించి ఉంది. ఆదివారం లోపు లక్ష బయానా ఇవ్వాలట, ‘ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను’ అని రాసివ్వాలట. తర్వాత లోపల చివికిపోయిందని తేలితే కోర్టుకు వెళ్లొచ్చా? మేము వాడనప్పుడు గండికోట వెళ్లేవాళ్లకు బాడుగకు ఇవ్వొచ్చా?

జవాబు: కోర్టుకు వెళ్లొచ్చు. కానీ ఆయన అడిగినట్టు రాసిచ్చి వెళ్తే మీ కేసు చాలా బలహీనంగా ఉంటుంది. కారణం ఆ మరకే. మీరు దాన్ని కళ్లారా చూశారు, అడిగారు, ఆయన జవాబు చెప్పారు. ఎదుటి లాయరు మిమ్మల్ని మొదట అడిగేది ఇదే: ‘చెమ్మ ఉందని తెలిసే కొన్నారు కదా?’

1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం, కొనే వస్తువు మంచిచెడ్డలు మామూలుగా కొనేవాడే చూసుకోవాలి. కాగితం మీద రాయకపోయినా నాణ్యతకు హామీ ఉన్నట్టే లెక్కగట్టే రక్షణ ఒకటి ఉంది గానీ, అది ఆ రకం సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవారి దగ్గర కొన్నప్పుడే వర్తిస్తుంది. అక్కడ కూడా, వస్తువును పరీక్షించి కొన్నవారు ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపం గురించి తర్వాత అడగలేరు. మీకు అమ్మేది సొంతానికి వాడుకున్న మనిషి. అందుకే వినియోగదారుల కమిషన్ దారి కూడా మీకు దాదాపు మూసుకుపోయినట్టే. డీలరు దగ్గర కొని ఉంటే, సొంత వాడకానికి కొన్నవారిగా అనంతపురం జిల్లా కమిషన్‌లోనే రెండేళ్ల లోపు ఫిర్యాదు వేసే వీలుండేది.

ఇక మీకు మిగిలింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. నిజం కాని మాట చెప్పి ఒప్పించి ఉంటే ఒప్పందం రద్దు చేసుకోవచ్చని సెక్షన్ 19 చెబుతుంది. అయితే అందులో ఒక మినహాయింపు ఉంది, దాన్ని జాగ్రత్తగా గమనించండి. మామూలు జాగ్రత్త తీసుకుంటే నిజం మీకే తెలిసే వీలుండి ఉంటే, అమాయకంగా చెప్పిన తప్పు మాట మీద గానీ, చెప్పకుండా ఊరుకున్నారనే కారణం మీద గానీ ఒప్పందాన్ని రద్దు చేయించలేరు. మరక చూసి కూడా పరీక్ష చేయించకపోతే మీరు నేరుగా ఈ మినహాయింపులో పడతారు. దాచిపెట్టడం వేరు. లోపం ఉందని తెలిసి, అది కనపడకుండా ఏదైనా చేసి అమ్మితే సెక్షన్ 17 దాన్ని మోసం అంటుంది. అందుకే నా దృష్టి మరక కన్నా ఎక్కువగా ఆ కొత్త షీటు మీద పడింది. అది ఎప్పుడు అంటించారు? ఎవరు అంటించారు? దాని కింద అప్పుడు ప్లైవుడ్ ఎలా ఉంది? ఈ మూడూ వాట్సాప్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. ‘మరక ఉన్న మూల తప్ప ఇంకెక్కడా కారలేదని మీరు నాతో అన్నారు, అంతే కదండీ?’ అని కూడా మర్యాదగానే రాయండి. ఆయన జవాబు సాక్ష్యం అవుతుంది. కోర్టులో పెట్టేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆ మెసేజ్‌లు చెరిపేయకండి, ఫోన్ మార్చకండి.

బండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చట్టం కన్నా నీటి చుక్కే ముందు నడుస్తుంది. మోటార్‌హోమ్‌లో నీళ్లు పైకప్పు అతుకుల నుంచి, ఏసీ కోసం కోసిన రంధ్రం చుట్టూ, కిటికీ మూలల నుంచి దిగుతాయి. రేకుకూ లోపలి షీటుకూ మధ్య ప్లైవుడ్, థర్మకోల్ ఉంటాయి. నీరు ఒకచోట దిగి, చట్రం వెంట పాకి, ఎక్కడో మరకగా తేలుతుంది. మంచం పైన మరక కనిపించినంత మాత్రాన కారింది అక్కడేనని కాదు. మీరు ఎండాకాలంలో చూస్తే ఏ చెమ్మా తెలియదు, అందులోనూ మన అనంతపురం ఎండలో నాలుగు రోజులు నిలబెడితే ముక్క వాసన కూడా పోతుంది. కాబట్టి బెంగళూరులోనే, బండిని ఎండలోకి తేకముందే, బాడీ కట్టే పని తెలిసిన మేస్త్రీని తీసుకెళ్లండి. పైకప్పు మీద పైపుతో అరగంట నీళ్లు పట్టించి లోపల కూర్చుని చూడండి. చెమ్మ కొలిచే మీటరుతో గోడలు, కిటికీల కింద, మంచం పెట్టెల అడుగున చూపించండి. బోసి కాళ్లతో నేలంతా తొక్కండి. ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడ చెక్క పోయినట్టే. ఓనరు ఒప్పుకుంటే ఒక మూల షీటు అంచు లేపి చూడటం అన్నిటికన్నా మంచిది. కింద దూరి చాసిస్, బోల్టుల తుప్పు కూడా చూడాలి. సీటు బెల్టులు చివరిదాకా లాగి చూడండి, లోపల మట్టి చార ఉంటే అది పైనుంచి కారిన బండి కాదు, మునిగిన బండి.

పాత ఇన్సూరెన్స్ పాలసీలు మూడేళ్లవి అడగండి. వాటిలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఒక ఏడాది సున్నాకు పడిపోయి ఉంటే, అంతకు ముందు ఏం క్లెయిమ్ చేశారో చెప్పాల్సింది ఆయనే. మీరు కొన్నాక పాతగా నీళ్లు కారిన ఈ నష్టం ఇన్సూరెన్స్‌లో వస్తుందని ఆశ పెట్టుకోకండి. ప్రమాదానికి, వరదకు ఇస్తారు గానీ మెల్లగా చివికిపోయినదానికి ఇవ్వరు.

నేల మెత్తబడి ఉంటే ఏ ధరకైనా కొనవద్దనే నా మాట. లోపలంతా ఊడదీసి కట్టడం సగం బండి కట్టినట్టు. పైగా బూజు పట్టిన ఇరుకు గదిలో మీ అమ్మగారు రాత్రంతా పడుకోవాలి, అది ఆలోచించండి. ఒక మూలతోనే ఆగిందని మేస్త్రీ చెబితే, రిపేరుకు రాతపూర్వకంగా అంచనా తీసుకుని ఆ మొత్తం ధరలో తగ్గించమనండి.

బయానా ఇవ్వాల్సి వస్తే లక్ష వద్దు, మీరు పోగొట్టుకున్నా నిద్ర పట్టేంత ఇవ్వండి, అదీ బ్యాంకు ద్వారా. ఒకే వ్యవహారంలో 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, మిగతా సొమ్ముకూ అదే దారి. ఇక ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాటను ఒప్పందంలో ఒంటరిగా వదలకండి. దాని పక్కనే ఇలా రాయించండి: ‘మంచం పైన మూలలో తప్ప బండిలో ఎక్కడా నీరు కారలేదని, నేల, గోడల చెక్క చివకలేదని, బండి వరదలో మునగలేదని అమ్మేవారు చెప్పిన మాట నమ్మి కొంటున్నాను. నీటి పరీక్షలో వేరే చోట చెమ్మ తేలితే బయానా ఏడు రోజుల్లో పూర్తిగా తిరిగివ్వాలి.’ ఇలా రాసిన మాట తర్వాత అబద్ధమని తేలితే, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న ఒక్క ముక్క చాటున ఆయన దాక్కోవడం కష్టం. సంతకాలు, బండి అప్పగింత అనంతపురంలో జరిగేలా చూసుకోండి. అప్పుడు దావా ఇక్కడి కోర్టులోనే వేయొచ్చు, ప్రతి వాయిదాకూ బెంగళూరు తిరిగే బాధ తప్పుతుంది. మోసం మీద వేసే దావాకు గడువు మూడేళ్లు, మోసం బయటపడిన రోజు నుంచి లెక్క.

ఆర్‌సీలో బండి రకం ఏమని ఉందో తప్పకుండా చూడండి. సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ అని ఉండాలి. ఇంకా ప్రయాణికుల బండిగానే ఉంటే లోపలి మార్పులకు అనుమతి లేదనే అర్థం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ కింద అలాంటి మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అలాంటి బండిని రేపు మీ పేరు మీదికి మార్చుకునేటప్పుడూ ఇబ్బందే, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టేదీ అక్కడే. బండి మీద అప్పు ఉండి ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, బెంగళూరు ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బదిలీకి ఫారం 29, 30 సంతకాలు చేతికొచ్చాకే చివరి సొమ్ము ఇవ్వండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో మన రవాణా ఆఫీసులో ముందే కనుక్కుని, 13 లక్షలకు కలిపి చూసుకోండి.

బాడుగ విషయం: సొంత వాడకపు రిజిస్ట్రేషన్ మీద డబ్బు తీసుకుని తిప్పకూడదు. దానికి రవాణా వాహనంగా రిజిస్ట్రేషన్, పర్మిట్, ఫిట్‌నెస్, వేరే ఇన్సూరెన్స్ కావాలి. ఆ ఆదాయం చూసుకుని ధర ఒప్పుకోవద్దు.

ఆదివారం లోపు ముందు ఆ వాట్సాప్ మెసేజ్ పంపండి, నీటి పరీక్షకు రోజు అడగండి. ఆయన పరీక్షకు ఒప్పుకోకపోయినా, పైన రాసిన రెండు వాక్యాలకు సంతకం పెట్టనన్నా ఆ బండి వదిలేయండి. ఒప్పుకుంటే మాత్రం, ఒప్పందం ముసాయిదా నాకు చూపించాకే సొమ్ము పంపండి.