బీపీఈడీ తర్వాత స్పెషల్ పిల్లలకు ఆటలు నేర్పాలంటే

ప్రశ్న: మాది గుంతకల్లు. బీపీఈడీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. మేధో వైకల్యం ఉన్న టీనేజ్ పిల్లలకు ఆటలు నేర్పాలని ఉంది. ఇంకేం చదవాలి? ఈలోగా ఏం నేర్చుకోవచ్చు?

జవాబు: కోచ్ పోస్టు ఒక్కదాన్నే నమ్ముకోకండి. స్పెషల్ టీచరుగా చేరి ఆటల బాధ్యత తీసుకోవడమే నిలకడైన దారి. అందుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న స్పెషల్ బీఎడ్ చేయాలి. అందులో మేధో వైకల్యం విభాగాన్ని ఎంచుకోండి. ఫీజు కట్టేముందే కాలేజీ పేరు ఆర్‌సీఐ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. కోర్సు పూర్తయ్యాక ఆర్‌సీఐలో పేరు నమోదు చేయించుకోవడం తప్పనిసరి.

ఇక అసలు పని. ఒక ఆటను చిన్న ముక్కలుగా విడగొట్టడం ఇప్పటినుంచే సాధన చేయండి. స్పెషల్ ఒలింపిక్స్‌లో (మేధో వైకల్యం ఉన్నవారి క్రీడా పోటీలు) ఉన్న బోచీనే తీసుకోండి. బంతిని గురికి దగ్గరగా దొర్లించే ఆట ఇది. చదునైన నేల దొరికితే చాలు, మొదలుపెట్టొచ్చు. గీత వెనక నిలబడటం, అరచేతిలో బంతి పట్టుకోవడం, గురివైపు చూడటం, చేయి వెనక్కి ఊపడం, బంతి పట్టిన చేతికి ఎదురు కాలు ముందుకు వేయడం, కిందుగా దొర్లించి వదలడం: ఇవి ఆరు మెట్లు. మొదట మూడు మీటర్ల దూరం పెట్టి, గురిగా పెద్ద ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఉంచండి. పాదాలు ఎక్కడ ఉండాలో ముగ్గుపిండితో గీయండి.

ఒకసారికి ఒకే మాట చెప్పండి: "చూడు", "ఊపు", "వదులు". చెప్పాక ఐదు నుంచి పది సెకన్లు ఆగండి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పిల్లవాడు మాటను అర్థం చేసుకుంటూ ఉండగానే రెండో మాట చెప్పేస్తారు, లేదా చేయి పట్టుకుని తామే విసిరేస్తారు. అలా చేస్తే మీ చేయి తగిలేదాకా అతను కదలడు. అందుకే చేయి పట్టుకోవడం నుంచి మోచేతిని తాకడానికి, తర్వాత సైగకు, ఆ తర్వాత ఒట్టి మాటకు సాయం తగ్గించుకుంటూ రావాలి. తాకేముందు అడగండి, వాళ్లు ఎదిగే వయసు పిల్లలు. బంతి పైకి లేస్తోందంటే ఆలస్యంగా వదులుతున్నాడని అర్థం, ఆ ఒక్క మెట్టునే మళ్లీ చేయించండి. "శభాష్" అని వదిలేయకుండా "కాలు ముందుకు వేశావు, బాగుంది" అనండి. బడి ఆవరణలో వచ్చిన ఆట వేరే మైదానంలో రాకపోవచ్చు. నేర్పే చోటు మార్చి కూడా చేయించాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. డాక్టరు సరేననేదాకా పల్టీలు, తలకిందుగా నీళ్లలో దూకడం, ఫుట్‌బాల్ హెడర్లు, హైజంప్ వద్దు. ఫిట్స్ మందులు వాడేవారెవరో ఇంట్లో అడిగి రాసుకోండి. దాహమేస్తోందని కొందరు చెప్పలేరు. మన అనంతపురం ఎండల్లో ఉదయం ఎనిమిదిలోపే ముగించి, మధ్యమధ్య మీరే నీళ్లు తాగించాలి.

పరీక్షలయ్యాక మీ మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) అనుమతి అడిగి వారానికి రెండు రోజులు వెళ్లండి. పది బంతుల్లో ఎన్ని ఎలాంటి సాయంతో వేశారో పేరుపేరునా రాయండి. వారం గడిచినా అంకె కదలకపోతే ఆ మెట్టును ఇంకా రెండుగా విడగొట్టండి.