అమ్మ మొక్కుకుంది, నేను సేవకు వెళ్ళాలా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది తిరుపతి. బీఎస్సీ నర్సింగ్ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నేను పుట్టినప్పుడు బతకనని చెప్పారంట, అప్పుడు అమ్మ "బిడ్డ బతికితే నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని మొక్కుకుంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి బైబిల్ కాలేజీలో చేరమంటా ఉంది. పిలుపుకు లోబడకపోతే యోనాకు పట్టిన గతే పడుతుందని మా పాస్టరుగారు కూడా అన్నారు. కొత్త సంవత్సరం ఆరాధనలో నేను తీసిన వాగ్దాన కార్డులో "చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము" అన్న వాక్యమే వచ్చింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నాకేమో నర్సు పనంటే ప్రాణం. మొన్న నైట్ డ్యూటీలో డ్రిప్ మారుస్తుంటే, ఆపరేషన్ అయిన ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని "నువ్వొస్తే భయం పోతాదిమ్మా" అంది. ఇదంతా వదిలేసి వెళ్ళాలా? దేవుడు పిలుస్తున్నాడో లేదో ఎలా తెలుస్తుంది?
- ఒక సోదరి, తిరుపతి

జవాబు: చెల్లీ, ముందు ఆ యోనా భయం తీసేసుకో. ఎక్కడికి పోవాలో, ఏం చెప్పాలో ప్రవక్త యోనాకు స్పష్టంగా తెలుసు. దేవుడు నీనెవె పట్టణానికి పొమ్మంటే తెలిసి తెలిసి వేరే వైపు, తర్షీషుకు పోయే ఓడ ఎక్కాడు. నువ్వు దారి తెలియక అడుగుతున్నావు, రెండూ ఒకటి కాదు. పైగా అతన్ని మింగిన ఆ చేప వచ్చింది చంపడానికి కాదు, సముద్రంలో మునిగిపోకుండా కాపాడటానికి. భయపెట్టి సేవకు తోలడం మన సంఘాల్లో బాగా అలవాటైపోయింది, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

అమ్మ మొక్కుబడిని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. చావుబతుకుల్లో ఉన్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చేసిన ప్రార్థన అది. బైబిల్లో హన్నా కూడా అలాగే మొక్కుకుంది, కొడుకు సమూయేలును షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ దగ్గర వదిలిపెట్టింది. అయితే 1 సమూయేలు 3వ అధ్యాయం నిదానంగా చదివి చూడు. తల్లి మొక్కు ఆ పిల్లవాణ్ణి మందిరం దాకా తెచ్చింది, అంతే. దేవుడు అతన్ని వేరుగా, పేరుపెట్టి పిలవాల్సి వచ్చింది. మందిరంలోనే పడుకునే పిల్లవాడు, అయినా మూడుసార్లు ఆ స్వరం ఏలీదనుకుని లేచి పరుగెత్తాడు! ఏలీకి కూడా మూడోసారికి గానీ అర్థం కాలేదు. కాబట్టి నీకు వెంటనే తెలియకపోతే అది అవిధేయత కాదు. ఇంకోటి గమనించు, నాలుగోసారి పిలిచినప్పుడు దేవుడు సమూయేలుకు చెప్పింది ఏ పదవి గురించో కాదు, ఏలీ ఇంటి మీదికి రాబోయే తీర్పు గురించి. తెల్లారాక తనను పెంచిన పెద్దాయనకే ఆ మాట చెప్పాలి. వినడమంటే మనకు నచ్చని మాట కూడా వినడమే, అది నీకూ వర్తిస్తుంది, అమ్మకూ వర్తిస్తుంది.

వాగ్దాన కార్డు ధైర్యం ఇస్తే సంతోషం. కానీ అదే కార్డు మీ సంఘంలో ఆటో నడిపే అన్న చేతికి వచ్చి ఉంటే ఆయన ఆటో అమ్మేయాలా? అలాంటి నిర్ణయాన్ని ఒక్క కార్డు మీద పెట్టొద్దు.

ఐడా స్కడర్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, మన చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రిని మొదలుపెట్టిన ఆమె. వాళ్ళింట్లో అందరూ మిషనరీలే, తాను మాత్రం కాకూడదనుకుంది. తల్లికి ఒంట్లో బాగాలేదని 1890లో ఇండియాకు వచ్చి తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని చూడటానికి రమ్మన్నారు. నేను డాక్టర్ని కాదు, మా నాన్న డాక్టరు అని ఆమె అంటే, మగ డాక్టరు వద్దని వెళ్ళిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆమెకు అదే పిలుపైంది. అయితే మర్నాడే స్టెతస్కోపు పట్టుకోలేదు, అమెరికా వెళ్ళి మెడిసిన్ చదివి 1899లో పట్టా తీసుకుని, ఆ తర్వాతే వేలూరులో పని మొదలుపెట్టింది.

అందుకే ఆ అవ్వ మాటను చిన్నగా చూడొద్దంటున్నాను. నిర్గమకాండం 1వ అధ్యాయంలో ఫరో మగపిల్లల్ని చంపమన్నా చంపకుండా కాపాడిన షిఫ్రా, పూయా మంత్రసానులు. దేవునికి భయపడి వాళ్ళు చేసింది వాళ్ళ డ్యూటీనే. పౌలు కొరింథులో డేరాలు కుడుతూనే సువార్త చెప్పాడు. సేవంటే మైకు ముందు నిలబడటం ఒక్కటే అని ఎవరు చెప్పినా నమ్మకు. అలాగని నర్సు పని ఇష్టం కాబట్టి బైబిల్ కాలేజీ పిలుపు కానే కాదని కూడా నేను తేల్చలేను, అది తేల్చాల్సింది నేను కాదు.

ఇప్పుడు ఉద్యోగం మాత్రం మానొద్దు. మనసు కుంగి ఉన్నప్పుడు, ముందు ప్రశాంతంగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దని 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్రైస్తవ గురువు చెప్పాడు, ఇది అచ్చం నీకోసమే అనిపిస్తుంది. సండే స్కూల్లో పిల్లలకు చెప్పు, మే నెలలో వీబీఎస్‌కు (వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులకు) సెలవు పెట్టి వెళ్ళు, వాక్యం చెప్పే పని నీకు ఎలా ఉందో చేసి చూడు. డ్యూటీ అయ్యాక కాసేపు ఏమీ అడగకుండా దేవుని ముందు ఊరికే కూర్చో. నిన్ను బాగా ఎరిగిన, నీ నిర్ణయంతో ఏ లాభమూ లేని ఒక పెద్దావిడను "నాలో మీకు ఏం కనిపిస్తోంది?" అని అడుగు. బైబిల్ కాలేజీ తలుచుకుంటే భయం తగ్గాక కూడా ఆశ మిగిలి ఉందా, లేక భయంతోపాటే అదీ పోయిందా, అది చూసుకో.

అమ్మతో వాదన పెట్టుకోకు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఆ సమూయేలు అధ్యాయం గట్టిగా చదవండి, "నీ మొక్కు నాకు బరువు కాదమ్మా, కానీ నన్ను కూడా విననీ" అని చెప్పు. పాస్టరుగారికి ఇప్పుడే జవాబు ఇవ్వాల్సిన పనిలేదు, బైబిల్ కాలేజీ అప్లికేషన్లు వచ్చే ఏడాది కూడా ఇస్తారు.