టీకా వేయించామన్న మాట చాలదు, కుక్క కళ్లెదుట ఉండాలి

ప్రశ్న: తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకు ఉంటున్నాం. మొన్న సాయంత్రం ట్యూషన్‌కు వెళ్తున్న మా తొమ్మిదేళ్ల బాబును ఇంటి యజమాని పెంపుడు కుక్క పిక్క మీద కరిచింది. గేటు తీసి ఉంది, కుక్కకు గొలుసు లేదు. రక్తం కారింది. ‘మా కుక్కకు టీకాలన్నీ వేయించాం, భయం లేదు’ అంటూ వాళ్లే గాయానికి సున్నం రాశారు. రెండు వేలు చేతిలో పెట్టి, ఇకపై ఏ కేసూ వేయబోమని రాసిన కాగితంపై సంతకం అడుగుతున్నారు. మర్నాడే కుక్కను బంగారుపాళెం దగ్గరున్న తమ మామిడితోటకు పంపేశారు. కేసు పెడితే ఇల్లు ఖాళీ చేయిస్తారని భయం. మా తమ్ముడేమో తోటకు వెళ్లి ఆ కుక్కను చంపేస్తానంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, కాగితం గురించి రాశారు, ఇంటి గురించి రాశారు. బాబుకు సూది వేయించారో లేదో మాత్రం రాయలేదు. వేయించకపోతే ఇది చదవడం ఇక్కడే ఆపి రుయా ఆసుపత్రికి బయలుదేరండి. వెళ్లేముందు ఆ సున్నం పోయేలా కుళాయి నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడగండి. ఆలస్యమైంది కదా అని మానొద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది మన పెద్దల కాలం నాటి మాట. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిందన్నారు కాబట్టి టీకా ఒక్కటే సరిపోదు. గాయం లోపలికి ఎక్కించే సీరం (రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్) గురించి డాక్టరును మీరే అడగండి. మొదటి టీకా పడిన ఏడు రోజుల లోపే అది ఇవ్వాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. అందుకే కోర్టు కంటే ముందు ఆసుపత్రి అంటున్నాను.

ఓపీ చీటీ రాసేటప్పుడు ‘కుక్క కరిచింది’ అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఎవరి కుక్క, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది రాయించండి. ఆ చీటీ, గాయం ఫొటో, మందుల బిల్లులు, ఆటో ఖర్చుల లెక్క ఒక కవరులో పెట్టండి. రేపు మీ తరఫున మాట్లాడేది ఆ కవరే.

మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది ఆ మామిడితోట. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలన్న నియమానికి గట్టి కారణం ఉంది. కరిచిన నాటికే లాలాజలంలో రేబిస్ క్రిములున్న కుక్క సాధారణంగా పది రోజుల్లోపే జబ్బుపడి చస్తుంది. పదో రోజుకు ఆరోగ్యంగా ఉంటే ఆ కాటుతో రేబిస్ రాలేదని నిశ్చింతగా ఉండవచ్చు. ఆ కుక్కను కంటికి కనిపించకుండా చేస్తే ఆ తేలిక మీకు దక్కదు. అందుకని ఈ రోజే యజమానికి రాతపూర్వకంగా ఇవ్వండి: టీకా పుస్తకం చూపించాలి, కుక్కను వెనక్కి తెచ్చి కట్టి ఉంచాలి, వెటర్నరీ డాక్టరుకు చూపించాలి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది, దూరమన్న సాకు చెల్లదు. చాలా ఇళ్లలో కుక్క పిల్లగా ఉన్నప్పుడు వేయించిన టీకాతోనే ఆ పుస్తకం ఆగిపోతుంది, తేదీలు చూడండి. ఒకవేళ తేదీలన్నీ సరిగా ఉన్నా, పది రోజులు చూసి వేయిద్దామని బాబు సూదులు ఆపకండి. పెంపుడు జంతువుకు టీకాల బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. కుక్కకు రేబిస్ సోకిందన్న అనుమానం ఉంటే దాన్ని విడిగా ఉంచి అధికారులకు తెలపాలని 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం అంటోంది.

ఇక కేసు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ తీవ్ర గాయానికి గానీ ముప్పు రాకుండా జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. ‘చిన్న గాటే కదా’ అన్నది అవతలి వకీలు వాదన అవుతుంది. ఇదే కుక్క ఇంతకుముందు పాలవాడినో, పేపరు కుర్రాడినో కరిచి ఉంటే వాళ్ల సాక్ష్యం మీకు బలం. గేటుకు ‘కుక్కలున్నవి జాగ్రత్త’ బోర్డు ఉంటే ఫొటో తీయండి. అది యజమానికి రక్షణ అనుకుంటారు, నిజానికి ముప్పు సంగతి ఆయనకు తెలుసనడానికి అదే రుజువు. కోర్టు ఈ నేరాన్ని విచారణకు తీసుకోవాలంటే ఏడాది గడువే ఉంది.

సంతకం ఇప్పుడు వద్దు. డబ్బు తీసుకుంటే ‘వైద్య ఖర్చుల కింద రెండు వేలు ముట్టాయి’ అని రాయండి, అంతకు మించి ఒక్క అక్షరం వద్దు. పంటి గాటుకు పది వేలు అంటూ ఫోన్లలో తిరిగే మాట నమ్ముకోకండి. అది 2023లో పంజాబ్, హర్యానా హైకోర్టు వీధి జంతువుల విషయంలో ప్రభుత్వాలపై చెప్పింది. పెంపుడు కుక్క కేసులో యజమాని నిర్లక్ష్యాన్ని మీరే రుజువు చేయాలి.

ఇంటి సంగతి: కోర్టు ఉత్తర్వు లేకుండా మీ సామాను బయట వేయించే హక్కు ఆయనకు లేదు. అయినా రోజూ ఒకే మెట్ల మీద ఎదురుపడే మనుషులు. నేనైతే మొదట, రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్‌ను ప్రయత్నిస్తాను. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

తమ్ముడిని ఆపండి. కుక్కను చంపితే అదే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష, అంటే యజమానికి పడే దానికి పదింతలు. పైగా పది రోజుల పరిశీలనా పోతుంది. తోటకు వెళ్లి తీరతానంటే కర్ర వదిలి ఫోనుతో వెళ్లమనండి. కంచె దాటొద్దు, దాటితే ఎదురు కేసు పెడతారు. బయట నుంచే కుక్క తింటోందా, నీళ్లు తాగుతోందా అన్నది వీడియో తీసి, బాబుకు తర్వాతి సూది వేసే రోజున డాక్టరుకు చూపించండి.