ఇంటి ముందు కారు, పక్కింటాయనతో గొడవ: కొడుకుని ఇల్లు అమ్మేయమనాలా?

ప్రశ్న: మాది బరంపురం. మా అబ్బాయి, కోడలు నాలుగేళ్ల పాపతో ఇంగ్లండ్‌లో ఉంటారు. క్రితం ఏడాది అక్కడే సొంత ఇల్లు కొన్నారు. సత్యనారాయణ వ్రతానికి వాడి స్నేహితులు ఏడెనిమిది కార్లలో వచ్చి, వీధిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టారు. ఒక కారు పక్కింటి పెద్దాయన గేటుకి సగం అడ్డం వచ్చింది. ఆయన బయటికొచ్చి అరిచాడు, మావాడూ తగ్గలేదు. "మీ దేశంలో చెల్లుతుందేమో, ఇక్కడ కుదరదు" అన్నాడట. అప్పట్నుంచి మావాడి కారు అద్దానికి చీటీలు, రోడ్డు మీద ప్లాస్టిక్ కోన్లు. ఆయన భార్య మాత్రం మంచిదే, మావాళ్ళు ఇంట్లో లేనప్పుడు పార్శిల్ వస్తే తీసి ఉంచుతుంది. ఆయన తోటలో కనిపిస్తే కోడలు పాపని తీసుకుని బయటికి వెళ్ళడం మానేసింది, కొన్నాళ్ళు బరంపురం వచ్చేస్తానంటోంది. మావారేమో వీడియో కాల్‌లో "నువ్వూ కారు తీయకు, ఏం చేస్తాడో చూద్దాం" అని ఎక్కిస్తున్నారు. ఇది జాతివివక్షేనా? ఇల్లు అమ్మేసి వేరే చోటికి పొమ్మని చెప్పనా? వచ్చే నెల పాప పుట్టినరోజు కూడా ఉంది, మళ్ళీ కార్లు వస్తాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నిండా కార్లే ఉన్నాయి, కోడలు బయటికి వెళ్ళడం మానేసిందన్న సంగతి మాత్రం మధ్యలో ఒక్క ముక్కలో వచ్చి పోయింది. నాకు అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపించింది అదే, దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు పార్కింగ్ సంగతి తేల్చేద్దాం. అందులో మీవాడు సగం కరెక్టు, సగం తప్పు. ఆ రెండూ కలిపేసి మాట్లాడుతున్నాడు కాబట్టే గొడవ తెగడం లేదు.

ఇంగ్లండ్‌లో ఇంటి ముందున్న పబ్లిక్ రోడ్డు ఆ ఇంటివాళ్ళది కాదు. పర్మిట్ ఉన్నవాళ్ళకే అని కౌన్సిల్ (అక్కడి మునిసిపాలిటీ లాంటిది) బోర్డు పెట్టిన వీధో, వికలాంగుల కోసం గీతలు గీసిన చోటో అయితే తప్ప, ట్యాక్సూ ఇన్సూరెన్సూ సరిగ్గా ఉన్న ఏ కారైనా అక్కడ ఆపుకోవచ్చు. కాబట్టి పక్కింటాయన గోడ ముందు మీవాడు కారు పెడితే ఆయనకి ఒళ్ళు మండొచ్చు గానీ తీయించే హక్కు లేదు, కోన్లు పెట్టి చోటు ఆపుకునే హక్కు అంతకన్నా లేదు. ఇంతవరకు మీవాడిది కరెక్టు. కానీ ఆయన కారు ఇంట్లోకి వెళ్ళేచోట ఫుట్‌పాత్ అంచుని కిందికి దించి వాలుగా కడతారు, దానికి అడ్డంగా ఒక్క చక్రం వచ్చినా తప్పు తప్పే. ఇంటి ప్రవేశం ముందు బండి ఆపొద్దని అక్కడి రోడ్డు నియమాల పుస్తకం, హైవే కోడ్, 243వ నిబంధన చెబుతుంది, వీధి మూలకి 10 మీటర్ల లోపు ఆపొద్దనీ అందులోనే ఉంది. ఇంటాయన ఫిర్యాదు చేస్తే కౌన్సిల్ వాళ్ళు జరిమానా చీటీ అంటించగలరు. వ్రతం రోజున ఆయన అలా చేయకుండా బయటికొచ్చి అరిచాడు. ఆ పూట గేటు విషయంలో న్యాయం ఆయన వైపే ఉంది, మీవాడు "పబ్లిక్ రోడ్డు" అని వాదించి ఉంటే ఆ వాదన అక్కడ చెల్లదు.

ఇంత చిన్నదానికి అంత రభస ఎందుకని మీకు అనిపించడం సహజం. మన బరంపురంలో పెళ్ళికి వీధికి అడ్డంగా పందిరి వేస్తే జనం స్కూటర్లు పక్క సందులోకి తిప్పుకుని పోతారు, పైగా పందిరి దాటుతూ పెళ్ళికూతురు ఎవరమ్మాయని అడుగుతారు. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాత్రకి అమ్మవారు దేశిబెహెరా వీధికి వచ్చి కూర్చుంటే అక్కడ బండి పెట్టుకునే మాట కూడా ఎవరూ ఎత్తరు. అక్కడి కథ వేరు. చాలా ఊళ్ళలో వీధులు కార్లు రాకముందు కట్టినవి, గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు, గ్యారేజీలు ఉండవు, ఇప్పుడేమో ఇంటికి రెండు కార్లు. రోజూ సాయంత్రం ఆ చోటు కోసం వెతుక్కునేవాళ్ళకి ఇంటి ముందు జాగా మీద, చట్టం ఒప్పుకోకపోయినా, మమకారం పెరిగిపోతుంది. ఇంకో సంగతి, ఇలాంటి చిక్కులు ఒక్క ఇంగ్లండ్‌లోనే ఉన్నాయనుకోకండి. జపాన్ వెళ్ళిన మనవాళ్ళు కారు కొందామనుకుంటే, ఇంటికి 2 కిలోమీటర్ల లోపు దాన్ని పెట్టుకునే జాగా ఉందని చూపించి చాలా ప్రాంతాల్లో ముందు పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, 1962 నుంచీ దానికో చట్టమే ఉంది. రాత్రంతా బండి వీధిలో వదిలేస్తే ఊరుకోరు.

చీటీల సంగతి. మనం వీధిలో నిలబడి నాలుగు అరుపులు అరుచుకుని, సాయంత్రానికల్లా "ఏం భాయినా, చాయ్ అయ్యిందా" అని పలకరించుకోగలం. అక్కడ చాలామందికి తలుపు కొట్టి నిలదీయడం ఇబ్బంది. చీటీ రాసి, వానకి తడుస్తుందని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వైపర్ కింద దోపి పోతారు, "కాస్త ఆలోచించి పార్క్ చేస్తే సంతోషిస్తాం" అని. చదవడానికి మర్యాదే, రాసేటప్పుడు ఆ మనిషి పళ్ళు కొరుకుతూ ఉంటాడు. మీవాడు వాటిని చించి పారేయకూడదు. తేదీ వేసి ఒక కవర్లో దాచమనండి. రేపు విషయం ఎటు తిరిగినా అవి పనికొస్తాయి, పైగా నాలుగు చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన నిజంగా దేని గురించి బాధపడుతున్నాడో తెలుస్తుంది. ఎప్పుడూ గేటు గురించేనా, లేక గోడ ముందు పెట్టినా రాస్తున్నాడా?

ఇప్పుడు "మీ దేశం" అన్న మాట. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను, కోపంలో అన్నాడులే అని సర్దిచెప్పను. ఆ మాట ఎలా తగులుతుందో ఇక్కడున్న మనకి వేరే చెప్పక్కర్లేదు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా మన బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, మన తాతముత్తాతలు అప్పటికే ఇక్కడున్నారు, అయినా బస్సులో సీటు దగ్గర మాటామాటా పెరిగితే "మీ ఆంధ్రాకి పోండి" అనేవాడు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తగులుతాడు. సీటు గొడవ బస్సు దిగగానే మర్చిపోతాం. ఆ మాట మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. (ఇదే నోటితో మనం పక్కింటి ఒడియా వాళ్ళ గురించి ఇంట్లో ఏమేం అనుకుంటామో కూడా గుర్తు తెచ్చుకోవడం మంచిది, అది వేరే ఉత్తరం.)

అయితే ఒక మాట అన్నాడు కాబట్టి ఆ మనిషి చేసే ప్రతి పనీ వివక్షే అనుకుంటే మీవాడు తప్పటడుగు వేస్తాడు. తెలుసుకునే దారి ఉంది. ఆ వీధిలో మిగతావాళ్ళకి, తెల్లవాళ్ళకి కూడా, ఆయన చీటీలు పెడతాడా, కోన్లు అందరికీ అడ్డంగానే వస్తాయా అని ఎదురింటివాళ్ళని అడగమనండి. "ఓ, ఆయనా, మాకూ పెడతాడు" అని నవ్వితే అది పార్కింగ్ పిచ్చి, అలాంటివాళ్ళు ప్రతి వీధికీ ఒకరుంటారు. మీవాళ్ళకి మాత్రమే అయితే అది వేరే రోగం. కారుకి గీతలు పడినా, తలుపు సందులోంచి ఏదైనా లోపలికి తోసినా, కోడల్ని చూసి రంగు గురించో దేశం గురించో మళ్ళీ నోరు పారేసుకున్నా, ఇక ఓర్చుకోవాల్సిన పని లేదు. ప్రమాదం ఉంటే 999, లేకపోతే 101కి ఫోన్ చేసి పోలీసులకి చెప్పాలి. జాతిద్వేషంతో జరిగిందని తమకి అనిపిస్తోందని స్పష్టంగా చెబితే వాళ్ళు దాన్ని ఆ కోణంలోనే నమోదు చేస్తారు. భయపడి దాచుకుంటే ఆయనకి ధైర్యం పెరుగుతుంది, అంతే.

ఇల్లు అమ్మడం గురించి అడిగారు. వద్దు, ఇప్పుడైతే అసలు వద్దు. అక్కడ ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ కోసం టీఏ6 అని ఒక ఫారం నింపుతారు, పక్కింటివాళ్ళతో తగాదాలున్నాయా అని అందులో అడుగుతారు. ఉన్నది దాస్తే తర్వాత కోర్టు దాకా రావచ్చు, చెబితే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. ఇల్లు అమ్మి గొడవ వదిలించుకుందామనుకుంటే గొడవే ముందు ఇల్లు అమ్మనివ్వదు. కోన్ల గురించి కౌన్సిల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసేముందు మీవాడు ఈ ఒక్క సంగతి ఆలోచించుకోవాలి. చేయకూడదని కాదు, మాట్లాడి చూడకుండా మొదటి రోజే కాగితం పెట్టొద్దంటున్నాను.

మాట్లాడటం ఎలాగంటే, కారు పెట్టిన ఘడియలో కాదు, చీటీ చేతిలో పట్టుకుని అస్సలు కాదు. ఒక సాయంత్రం, భోజనాల వేళకి ముందు, మీవాడు ఒక్కడే వెళ్ళి తలుపు కొట్టాలి. "వ్రతం రోజు మావాళ్ళ కారు మీ దారికి అడ్డం వచ్చింది, అది మా తప్పే, ఇకపై రాదు, ఎప్పుడైనా అడ్డం వస్తే ఇదిగో నా నంబర్" అని చెప్పి ఊరుకోవాలి. 'కానీ' అని మొదలుపెడితే మొత్తం చెడుతుంది. ఆయన కాస్త మెత్తబడితే అప్పుడు రెండో సంగతి, గొంతు పెంచకుండా: "ఆ రోజు మీ దేశం అన్నారు, నేను ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాను, నా కూతురు ఇక్కడే పెరుగుతోంది, ఆ మాట మళ్ళీ అనకండి." మెత్తబడకపోయినా వచ్చేముందు అది చెప్పే రావాలి. ఆయన సారీ చెబుతాడని నేను మాటివ్వను. చెప్పకపోయినా ఆ మాట ఊరికే పోలేదని తెలుస్తుంది, మీవాడికీ రాత్రి నిద్ర పడుతుంది. మీరు బరంపురం అప్పడాలు, పచ్చళ్ళు పార్శిల్ కట్టేస్తారని నాకు తెలుసు, ఈ విడతకి ఆపండి. క్షమాపణతో పాటు తిండి పట్టుకెళితే లంచంలా ఉంటుంది.

మీవారి దగ్గరికి వద్దాం. ఇక్కడ కుర్చీలో కూర్చుని "ఏం చేస్తాడో చూద్దాం" అనడం సులువు. చూడాల్సి వచ్చేది ఆయన కాదు, పగలంతా ఆ ఇంట్లో ఒంటరిగా పాపతో ఉండే కోడలు. తండ్రి ఎక్కించిన ప్రతిసారీ కొడుకు ఆ రాత్రి కారు ఇంకో అడుగు ముందుకి జరిపి పెడతాడు, మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతాడు. చీటీ చూసేది, కిటికీలోంచి పక్కింటాయన తోటలో ఉన్నాడో లేడో తొంగి చూసి పాప చెప్పులు మళ్ళీ విప్పేసేది ఆ అమ్మాయి. ఇది మీవారికి ఈ మాటల్లోనే చెప్పండి. ఒప్పుకోకపోతే కనీసం ఆ కాల్స్‌లో కార్ల ప్రస్తావన వస్తే ఫోన్ మీరు తీసుకోండి.

కోడలితో మీరు విడిగా మాట్లాడండి, కొడుకు పక్కన లేనప్పుడు, వాళ్ళ మధ్యాహ్నం మనకి సాయంత్రం అవుతుంది కదా, అప్పుడు. నీకు భయం వేసింది పక్కింటాయన మాటకా, లేక మావాడు ఎక్కడ గొడవ పెంచుతాడోననా అని అడగండి. రెండోదే అయితే మీరు ఆశ్చర్యపోకండి. కారు నడపడం వచ్చా అని కూడా అడగండి. ఇండియా లైసెన్సు మీద అక్కడ స్థిరపడ్డాక 12 నెలలే నడపనిస్తారు, ఆ తర్వాత అక్కడి పరీక్షలు పాసవ్వాలి. చాలామంది కోడళ్ళు ఆ పరీక్ష వాయిదా వేసుకుంటూ ఇంట్లోనే ఉండిపోతారు, ఇలాంటి పక్కింటివాడు దొరికితే ఆ ఇల్లు ఇంకా ఇరుకైపోతుంది. బరంపురం రావాలనుకుంటే రానివ్వండి, పుట్టింటికీ అత్తింటికీ కలిపి కొన్ని వారాలు, తిరుగు టికెట్ ముందే తీసుకుని. వాళ్ళకి ఐఎల్ఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఇంకా రాకపోతే 12 నెలల్లో 180 రోజులకి మించి బయట గడపకూడదన్న లెక్క ఉంటుంది, అది కూడా చూసుకోమనండి. కానీ వచ్చేముందు ఒక్క పని చేసి రావాలి.

ఆ పార్శిల్ తీసి ఉంచే ఆవిడ ఉంది చూశారూ, మీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన మనిషి ఆవిడే. మొగుడు కోన్లు పెడుతున్నా ఆవిడ పార్శిళ్ళు తీసి ఉంచడం ఆపలేదు. ఈసారి పార్శిల్ తెచ్చుకోవడానికి మీవాడిని పంపొద్దు, కోడలే పాపని తీసుకుని వెళ్ళాలి, గుమ్మంలో రెండు నిమిషాలు నిలబడాలి, పాప పేరు చెప్పాలి. పార్కింగ్ గొడవ అక్కడ ఎత్తకూడదు, ఆవిడతో రాయబారం నడిపించే ఆలోచన అసలే వద్దు. తోటలో ఆయనతో పాటు తనకి తెలిసిన మనిషి ఇంకొకరున్నారని ఆ అమ్మాయికి అనిపిస్తే చాలు.

పుట్టినరోజుకి ఇంట్లో అందరినీ పిలవొద్దు. దగ్గర్లో కమ్యూనిటీ హాలు, సొంత కార్ పార్క్ ఉన్నది, గంటల లెక్కన అద్దెకి తీసుకోమనండి. సూపర్‌మార్కెట్ జాగాలో పెట్టి నడిచి రమ్మంటే కుదరదు, చాలాచోట్ల రెండు మూడు గంటలు దాటితే కెమెరా నంబర్ పట్టేసి జరిమానా ఇంటికి పంపిస్తుంది. హాలు దొరక్కపోతే నాలుగు కార్లకి మించకుండా పిలవాలి, వారం ముందే రెండు పక్కల ఇళ్ళకీ తేదీ, టైము, ఫోన్ నంబర్ రాసిన చీటీ వేయాలి, కార్లు వచ్చే గంటలో మీవాడు ఇంట్లో బెలూన్లు కట్టడం మానేసి వీధిలో నిలబడి ఎవరిది ఎక్కడో తనే చూపించాలి.